యంత్రంలోని ద్విభాషి

పాఠ్యాంశ సందర్భం

కంప్యూటర్‌ను ఉపయోగించడం నేర్చినవారు ఎందరో ఉన్నారు. అది మొరాయించినప్పుడు లోపం ఎక్కడ ఉన్నదో నిదానంగా విచారించగలవారు కొందరే. యంత్రభాగాలకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ నడుమ నిలిచి పనిచేసే డ్రైవర్ అనే ప్రోగ్రాం స్వభావాన్ని, చెడిన వ్యవస్థను పూర్వస్థితికి తీసుకొనివచ్చే పునరుద్ధరణ పద్ధతిని, ఆ పద్ధతికి గల హద్దులను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఒక జూనియర్ కళాశాలలోని కంప్యూటర్ గదిని ఊహించుకుందాం. ఉపకార వేతనాల దరఖాస్తులకు మరునాడే గడువు. నలభై మంది విద్యార్థుల వివరాలు, స్కాన్ చేసిన ధ్రువపత్రాలు అన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. ఉదయం దాన్ని ఆన్ చేయగానే తెర మీద విండోస్ గుర్తు కనిపించింది. మరుక్షణంలో తెరంతా నీలిరంగుకు మారి, దాని మీద ఒక హెచ్చరిక వచ్చింది. యంత్రం తనంతట తానే ఆగి మళ్లీ మొదలయింది. మళ్లీ అదే నీలితెర. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం మారలేదు.

కబురందుకొని వచ్చిన మరమ్మతుదారు రెండు నిమిషాలు పరిశీలించి, "సార్, విండోస్ పోయింది. ఫార్మాట్ కొట్టాలి. రెండు గంటల్లో కొత్తదానిలా చేసి ఇస్తాను" అన్నాడు.

ఫార్మాట్ అంటే డిస్కును తుడిచి, దానిని మొదటి నుంచి సిద్ధం చేయడం. యంత్రం నిజంగానే కొత్తదానిలా అవుతుంది. అయితే వేరొక చోట ప్రతి లేకపోతే నలభై మంది విద్యార్థుల పత్రాలు కూడా దానితోపాటే తుడిచిపెట్టుకొనిపోతాయి. గడువు చూస్తే రేపటితో సరి.

అప్పుడు కంప్యూటర్ అధ్యాపకులు ఒకే ప్రశ్న వేశారు. "నిన్న సాయంత్రం దీనిలో ఏమేమి మార్చారు?"

కొంతసేపు ఎవరూ పలకలేదు. చివరకు ఒక విద్యార్థి ముందుకు వచ్చి, "తెర మీద బొమ్మలు ఇంకా స్పష్టంగా వస్తాయని ఇంటర్నెట్ నుంచి ఒక ప్రోగ్రాం తెచ్చి ఎక్కించాను సార్. అది అయిదారు డ్రైవర్లను ఒకేసారి మార్చింది" అని ఒప్పుకొన్నాడు.

సగం వైద్యం ఆ ప్రశ్నలోనే ఉన్నది. మిగిలిన సగం తెలియాలంటే డ్రైవర్ అంటే ఏమిటో తెలియాలి.

ద్విభాషి పని

డ్రైవర్ అనగానే మనకు బస్సునో కారునో నడిపే మనిషి గుర్తుకు వస్తాడు. కంప్యూటర్ శాస్త్రంలో డ్రైవర్ అనే ప్రోగ్రాం ఒక యంత్రభాగాన్ని పని చేయిస్తుంది. ఆ పని స్వరూపాన్ని గ్రహించడానికి వాహనచోదకుని కంటే ద్విభాషి పోలిక మనకు ఎక్కువగా ఉపకరిస్తుంది.

కుంఫిణీ పాలన కాలంలో న్యాయస్థానాలలో ద్విభాషులు ఉండేవారు. వాడుకలో వారినే దుబాసీలు అనేవారు. 1830-31 సంవత్సరాలలో కాశీయాత్ర చేసి ఆ విశేషాలను గ్రంథస్థం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసినవారే. న్యాయమూర్తికి తెలిసింది ఇంగ్లీషు. సాక్షికి తెలిసింది తెలుగో తమిళమో. న్యాయమూర్తి బుద్ధిమంతుడే, సాక్షి చెప్పేది సత్యమే అనుకుందాం. నడుమనున్న ద్విభాషి ఒక్క మాటను తప్పుగా చెబితే తీర్పు తలకిందులవుతుంది. అప్పుడు న్యాయమూర్తిని మార్చినా ప్రయోజనం లేదు, సాక్షిని దండించినా ప్రయోజనం లేదు.

కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ న్యాయమూర్తి వంటిది. ప్రింటర్, కీబోర్డు, తెరను నడిపే గ్రాఫిక్స్ కార్డు, ఇంటర్నెట్‌ను అందించే నెట్‌వర్క్ కార్డు, ధ్వనిని వినిపించే సౌండ్ కార్డు సాక్షుల వంటివి. వీటిని ఎన్నో కంపెనీలు తయారు చేస్తాయి. ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క విధమైన ఆజ్ఞలు, సంకేతాలు ఉంటాయి. లోకంలోని పరికరాల భాషలన్నింటినీ ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకోవడం సాధ్యం కాదు. అందువల్ల అది కొన్ని సాధారణ ఆజ్ఞలను మాత్రమే ఇస్తుంది. "ఈ పుటను అచ్చు వేయించు" అని అది చెబితే, ఆ మాటను ఆ ప్రింటర్‌కు అర్థమయ్యే సంకేతాలలోకి మార్చి అందించే బాధ్యత డ్రైవర్‌ది. కాగితం అయిపోయిందని ప్రింటర్ మొరపెట్టుకుంటే, దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియజేసే బాధ్యత కూడా దానిదే.

ఏ పరికరానికి ఏ ద్విభాషిని పిలవాలో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుందన్న సందేహం కలగవచ్చు. కంప్యూటర్ లోపల అమర్చే కార్డులకు సాధారణంగా రెండు గుర్తింపు సంఖ్యలు ఉంటాయి. ఒకటి తయారీదారును, రెండవది పరికరపు నమూనాను తెలియజేస్తుంది. ఇంటెల్ కంపెనీ గుర్తింపు సంఖ్య 8086. ఆ కంపెనీ 1978లో విడుదల చేసిన ప్రఖ్యాత ప్రాసెసర్ పేరు కూడా 8086 కావడం గమనింపదగినది. యంత్రం మొదలైనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఈ సంఖ్యలను చదివి, వాటికి సరిపోయే డ్రైవర్‌ను వెదికి పనిలో పెడుతుంది. సరిపోయే డ్రైవర్ దొరకకపోతే ఆ పరికరం ఎంత ఖరీదైనదైనా మాట రాని సాక్షిలా ఉండిపోతుంది. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు ఎందరికో ఈ అనుభవమే ఎదురయింది. అప్పటిదాకా పనిచేసిన పాత ప్రింటర్లు, స్కానర్లు కొన్ని కొత్త వ్యవస్థకు తగిన డ్రైవర్లు లేనందువల్ల మూలపడ్డాయి. వాటిలోని యంత్రం చెడలేదు. వాటి భాషను కొత్త ప్రభువుకు చెప్పే ద్విభాషి కరవయ్యాడు.

నీలితెర ఎందుకు వస్తుంది?

మామూలు ప్రోగ్రాంలో తప్పు జరిగితే ఆ ప్రోగ్రాం ఒక్కటే మూతపడుతుంది. ఉత్తరం రాసుకొనే ప్రోగ్రాం ఆగిపోయినా పాట వినిపిస్తూనే ఉంటుంది. మరి ఒక చిన్న డ్రైవర్‌లోని తప్పు యంత్రం మొత్తాన్ని ఎందుకు నిలిపివేస్తుంది?

ఆపరేటింగ్ సిస్టమ్‌లోని అంతర్భాగాన్ని కెర్నెల్ అంటారు. కెర్నెల్ అంటే గింజలోని పప్పు. జ్ఞాపకాన్ని పంచిపెట్టడం, ఏ ప్రోగ్రాం ఎప్పుడు నడవాలో నిర్ణయించడం, పరికరాలను అదుపులో ఉంచడం దాని పనులు. మామూలు ప్రోగ్రాంలు ఈ గర్భగుడిలోకి అడుగుపెట్టలేవు. అవి ముఖమండపంలో నిలిచి తమకు కావలసినదాన్ని అడగాలి. విండోస్‌లో చాలా డ్రైవర్లకు మాత్రం లోపలికి ప్రవేశం ఉన్నది. పరికరంతో నేరుగా, వేగంగా వ్యవహరించవలసి ఉండడమే అందుకు కారణం. అంత చనువు ఉన్నందువల్ల డ్రైవర్ చేసే తప్పు కూడా అంత ప్రమాదకరమవుతుంది. తనది కాని జ్ఞాపకస్థానాన్ని అది తాకితే కెర్నెల్‌లోని సమాచారం తారుమారు కావచ్చు. ఆ స్థితిలో పని కొనసాగిస్తే డిస్కు మీది ఫైళ్లు కూడా పాడవుతాయి. దానికంటే సర్వం నిలిపివేయడమే మేలని ఆపరేటింగ్ సిస్టమ్ నిర్ణయించుకుంటుంది. ఆ నిర్ణయానికి సూచనే నీలితెర. 2025లో విండోస్ 11లో ఈ తెర రంగును నలుపుకు మార్చారు. రంగు మారినా అర్థం మారలేదు. దానిని చూసి మనం భయపడతాం కాని, నిజానికి అది మన సమాచారాన్ని కాపాడడానికి యంత్రం చేసే ప్రయత్నం.

ద్విభాషిని నియమించే ముందు అతని యోగ్యతను పరీక్షించడం లోకాచారం. డ్రైవర్ల విషయంలోనూ అటువంటి కట్టుబాటు ఉన్నది. దాన్ని డిజిటల్ సంతకం అంటారు. డ్రైవర్‌ను ఎవరు విడుదల చేశారో, ఆ తరువాత దానిలో ఎవరైనా మార్పు చేశారో లేదో ఈ సంతకం వల్ల తెలుస్తుంది. 64 బిట్ల విండోస్ విస్టా నుంచి కెర్నెల్‌లో పనిచేసే డ్రైవర్లకు ఈ సంతకం తప్పనిసరి అయింది. అయితే సంతకం రాసినవారెవరో చెబుతుంది కాని, రాతలో తప్పు లేదని హామీ ఇవ్వదు. పైగా సంతకం ఉన్న డ్రైవరే అయినా మన పరికరానికి సరిపోనిదైతే కీడు తప్పదు. గుర్తు తెలియని చోట దొరికే డ్రైవర్ల మూటను యంత్రంలోకి ఎక్కించడం అంటే, ఊరూ పేరూ విచారించకుండా ఒకేసారి అయిదారుగురు ద్విభాషులను మార్చివేయడమే.

ఒక్క అడుగు వెనక్కి

ఇక మన కళాశాలకు వద్దాం. డ్రైవర్లు మారాయని తెలిసింది. కాని డ్రైవర్‌ను సరిచేయాలంటే ముందు కంప్యూటర్ లోపలికి ప్రవేశించాలి కదా! అది నీలితెర దాటి రావడం లేదు.

ఇటువంటి సమయానికి సేఫ్ మోడ్ అనే ఏర్పాటు ఉన్నది. ఈ పద్ధతిలో విండోస్ అత్యవసరమైన కొద్ది డ్రైవర్లతో మాత్రమే మొదలవుతుంది. తెర మీద బొమ్మలు అంత అందంగా కనిపించకపోవచ్చు, ధ్వని వినిపించకపోవచ్చు. జ్వరపడిన మనిషికి పథ్యం పెట్టినట్లు, యంత్రాన్ని కొద్దిపాటి ఆహారంతో నిలబెట్టడం ఇది. విండోస్ ఎక్స్‌పి, విండోస్ 7 కాలంలో యంత్రం మొదలవుతుండగా ఎఫ్8 మీట నొక్కితే ఈ మార్గం కనిపించేది. తరువాతి విండోస్‌లలో యంత్రం వరుసగా కొన్నిసార్లు మొదలు కాలేకపోతే మరమ్మతు పట్టిక దానంతటదే తెర మీదికి వస్తుంది. అందులో సేఫ్ మోడ్‌కు దారి ఉంటుంది. సేఫ్ మోడ్‌లో యంత్రం నిలబడిందంటే ఒక విషయం చాలావరకు తేలిపోతుంది. మూల వ్యవస్థ క్షేమంగానే ఉన్నది, దోషం తరువాత వచ్చి చేరినవాటిలో ఉన్నది.

లోపల డివైస్ మేనేజర్ అనే పట్టిక ఉంటుంది. కంప్యూటర్‌లోని పరికరాల పేర్లు అందులో వరుసగా కనిపిస్తాయి. చిక్కులో ఉన్న పరికరం పక్కన ఆశ్చర్యార్థకంతో కూడిన పసుపుపచ్చని గుర్తు ఉంటుంది. మారినది ఒక్క డ్రైవరే అయితే, అదేదో మనకు తెలిస్తే, ఆ పరికరాన్ని ఎంచుకొని రోల్‌బ్యాక్ డ్రైవర్ అనే మీట నొక్కాలి. కొత్త డ్రైవర్ తొలగి, దానికి ముందున్న డ్రైవర్ తిరిగి వస్తుంది. ఈ సౌకర్యం 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పితో మొదలయింది. వెనుకటి డ్రైవర్ ప్రతి యంత్రంలో నిలిచి ఉన్నప్పుడే ఇది పనికివస్తుంది. ఉద్యోగం మానిన పాత ద్విభాషి చిరునామా మన దగ్గర ఉంటేనే కదా అతన్ని తిరిగి పిలవగలం!

మన విద్యార్థి మార్చినవి అయిదారు డ్రైవర్లు. అవి ఏవేవో అతనికి గుర్తు లేదు. ఒక్కొక్కదాన్నీ వెదికి సరిచేయడానికి వ్యవధి లేదు. అందుకే అధ్యాపకులు సిస్టమ్ రిస్టోర్ అనే మార్గాన్ని ఎంచుకొన్నారు.

పూర్వస్థితికి ప్రయాణం

సిస్టమ్ రిస్టోర్ అనే సౌకర్యం 2000లో విడుదలైన విండోస్ మిలీనియం ఎడిషన్‌తో వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ తన ముఖ్యమైన ఫైళ్లను, డ్రైవర్లను, రిజిస్ట్రీ అనే అమరికల ఖాతాను ఒక నిర్దిష్ట సమయంలో ఎలా ఉన్నాయో అలా గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తునే రిస్టోర్ పాయింట్ అంటారు. దానిని బాటసారి తన దారిలో నాటుకొన్న మైలురాయితో పోల్చవచ్చు. దారి తప్పినప్పుడు చివరి మైలురాయి దాకా వెనక్కి నడిచి అక్కడినుంచి మళ్లీ బయలుదేరవచ్చు. విండోస్ నవీకరణలు జరిగేటప్పుడు, కొన్ని ప్రోగ్రాంలు ఎక్కించేటప్పుడు ఈ గుర్తులు వాటంతటవే ఏర్పడతాయి. కావలసినప్పుడు మనం కూడా ఏర్పరచుకోవచ్చు.

అధ్యాపకులు ఆ పట్టికను తెరిచారు. మూడు రోజుల క్రితం విండోస్ నవీకరణ జరిగినప్పుడు ఏర్పడిన గుర్తు ఒకటి అందులో ఉన్నది. దానిని ఎంచుకొనే ముందు, ఈ ప్రయాణంలో ఏ ప్రోగ్రాంలు, ఏ డ్రైవర్లు మారతాయో చూపమని యంత్రాన్నే అడిగారు. అది చూపిన జాబితాను విద్యార్థుల చేత చదివించారు. సేఫ్ మోడ్‌లో ఉండగానే నలభై మంది పత్రాలను ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు. ఆ తరువాతనే పునరుద్ధరణను ప్రారంభించారు. పని జరుగుతున్నంతసేపూ విద్యుత్తు ఆగకుండా జాగ్రత్తపడ్డారు. యంత్రం మళ్లీ మొదలయింది. నీలితెర రాలేదు. గదిలో అందరి ముఖాలూ వికసించాయి.

ఆ తరువాత జరిగిన మూడు విషయాలను జాగ్రత్తగా గమనించాలి.

మొదటిది, నలభై మంది పత్రాలు ఉన్నవి ఉన్నట్లే ఉన్నాయి. సిస్టమ్ రిస్టోర్ వ్యవస్థకు సంబంధించినవాటిని వెనక్కి తీసుకొనిపోతుంది కాని, మనం రాసుకొన్న ఉత్తరాలను, దాచుకొన్న ఛాయాచిత్రాలను ముట్టుకోదు.

రెండవది, రెండు రోజుల క్రితం ఎక్కించిన తెలుగు టైపింగ్ ప్రోగ్రాం కనిపించలేదు. ఆ మైలురాయి నాటికి అది యంత్రంలో లేదు కనుక అది కూడా తొలగిపోయింది. దానిని మళ్లీ ఎక్కించుకోవలసి వచ్చింది. ఆ ప్రోగ్రాంతో టైపు చేసిన దస్తావేజులు మాత్రం అలాగే ఉన్నాయి.

మూడవది, అంతకు ముందు రోజు ఎవరో పొరపాటున చెరిపివేసిన ఒక విద్యార్థిని ఆదాయ ధ్రువపత్రం తిరిగి రాలేదు. యంత్రం మూడు రోజులు వెనక్కి వెళ్లింది కదా, మూడు రోజుల క్రితం ఉన్న నా పత్రం ఎందుకు రాలేదని ఆమె అడిగింది. అధ్యాపకులు శాంతంగా, "అమ్మా, ఇది తన అమరికలను గుర్తుపెట్టుకుంటుంది కాని, మన పనిని గుర్తుపెట్టుకోదు. మన పనిని మనమే దాచుకోవాలి" అన్నారు. ఆమె మధ్యాహ్నం బస్సుకు ఊరికి వెళ్లి, అసలు పత్రాన్ని తీసుకొని మరునాటి ఉదయానికి తిరిగి రావలసి వచ్చింది.

మొదటి విషయం, మూడవ విషయం ఒకే నియమానికి రెండు ముఖాలు. మన దస్తావేజుల జోలికి పోదు కనుక ఈ పద్ధతి వాటికి హాని చేయదు. ఆ కారణం చేతనే వాటిని తిరిగి తెచ్చి ఇవ్వదు. ఈ భేదం తెలియక నష్టపోయినవారు రెండు రకాలుగా ఉంటారు. ఫైళ్లు పోతాయని భయపడి పునరుద్ధరణకు పూనుకోనివారు ఒకరు, ఫైళ్లు వస్తాయని నమ్మి ప్రతులు దాచుకోనివారు మరొకరు.

ఈ పద్ధతికి మరికొన్ని హద్దులు ఉన్నాయి. డిస్కు యంత్రపరంగా చెడిపోతే దానిమీది గుర్తులు కూడా పోతాయి. వైరస్ సోకిన తరువాత ఏర్పడిన గుర్తులో ఆ వైరస్ కూడా దాగి ఉండవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ సౌకర్యం అన్ని కంప్యూటర్లలోనూ మొదటి నుంచి పనిచేస్తూ ఉండదు. సిస్టమ్ ప్రొటెక్షన్ అనేచోట అది పనిచేస్తున్నదో లేదో మనమే చూసుకోవాలి. మైలురాయి నాటనివానికి వెనుకదారి ఉండదు.

ప్రపంచం నేర్చిన పాఠం

ఒక కళాశాల గదిలో జరిగే ఈ సంఘటన ప్రపంచమంతటా ఒకేసారి జరిగితే ఎలా ఉంటుందో 2024 జూలై 19న లోకానికి తెలిసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ కంప్యూటర్ల రక్షణ కోసం ఒక ప్రోగ్రాంను అందిస్తుంది. ఆ ప్రోగ్రాంలోని డ్రైవర్ కెర్నెల్‌లో ఉండి పనిచేస్తుంది. ఆనాడు భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు ఆ కంపెనీ ఒక కొత్త సమాచార ఫైలును పంపింది. అందులోని సూచనల ప్రకారం 21 అంశాలను పరిశీలించవలసి ఉండగా, ప్రోగ్రాం 20 అంశాలను మాత్రమే అందించింది. లేని ఇరవై ఒకటవ అంశం కోసం డ్రైవర్ తనది కాని జ్ఞాపకస్థానంలోకి తొంగిచూసింది. వెంటనే కంప్యూటర్లు నీలితెరతో నిలిచిపోయాయి.

దాదాపు 78 నిమిషాలలో కంపెనీ ఆ ఫైలును సరిచేసింది. అప్పటికే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లకు ఆ దెబ్బ తగిలిందని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ సంఖ్య లోకంలోని విండోస్ యంత్రాలలో ఒక శాతం కంటే తక్కువే. అయినా విమానాలు ఆగాయి, ఆసుపత్రులలో, బ్యాంకులలో పనులు స్తంభించాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో కూడా ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేతితో రాసి ఇచ్చారు. సరిచేసిన ఫైలు సిద్ధంగా ఉన్నా, మొదలు కాలేని యంత్రాలు దాన్ని అందుకోలేకపోయాయి. అందువల్ల సిబ్బంది అనేక యంత్రాల వద్దకు స్వయంగా వెళ్లి, సేఫ్ మోడ్‌లోనో మరమ్మతు పట్టికలోనో ప్రవేశించి, ఆ ఒక్క ఫైలును తొలగించవలసి వచ్చింది. ముందే ప్రతులు దాచుకొన్నవారిలో కొందరు లోపం రాకముందు నాటి స్థితికి వెళ్లగలిగారు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆ 85 లక్షల యంత్రాలలో చెడిన భాగం లేదు. విండోస్ పోలేదు. ఒక్క ఫైలు తొలగించగానే అవి లేచి నిలిచాయి. వాటినన్నింటినీ ఫార్మాట్ చేసి ఉంటే నష్టం ఎంత ఉండేదో ఊహకు అందదు.

ముందుచూపు

ఈ సంగతులనుబట్టి మనం అలవరచుకోవలసిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. కొత్త డ్రైవర్‌ను ఎక్కించే ముందు ఒక రిస్టోర్ పాయింట్ ఏర్పరచుకోవాలి. డ్రైవర్‌ను విండోస్ నవీకరణ ద్వారా గాని, పరికరం తయారుచేసిన కంపెనీ నుంచి గాని మాత్రమే తీసుకోవాలి. ఒకేసారి ఎన్నో మార్పులు చేయకూడదు. ఒకటి మార్చి, యంత్రాన్ని పరీక్షించి, తరువాతనే మరొకటి మార్చాలి. అలా చేస్తే చిక్కు వచ్చినప్పుడు కారణం ఏదో తెలుస్తుంది. చేసిన మార్పును, తేదీని ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవడం ఇంకా మంచిది. ముఖ్యమైన దస్తావేజులకు కనీసం మరొక ప్రతిని ఆ కంప్యూటర్‌కు వెలుపల ఉంచాలి. బాగా పనిచేస్తున్న డ్రైవర్‌ను నిష్కారణంగా మార్చకూడదు. అయితే భద్రతాలోపాన్ని సవరించే నవీకరణలను నిర్లక్ష్యం చేయకూడదు.

యంత్రం చెడినప్పుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న "ఏది పోయింది?" అన్నది కాదు, "ఏది మారింది?" అన్నది. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి నిజాయితీ కావాలి. మన కథలోని విద్యార్థి తిట్లకు భయపడి మౌనంగా ఉండి ఉంటే, మధ్యాహ్నానికి ఆ డిస్కు శుభ్రంగా తుడిచిపెట్టుకొనిపోయేది. సేఫ్ మోడ్, సిస్టమ్ రిస్టోర్ రెండూ యంత్రంలో సిద్ధంగానే ఉన్నాయి. వాటికి దారి చూపింది మాత్రం అతడు చెప్పిన నిజమే.

తలుపు బిగుసుకుందని ఇల్లు కూల్చుకొనేవారు ఉండరు. బందును చూస్తారు, ఇరుసుకు నూనె రాస్తారు. అప్పటికీ రాకపోతే వడ్రంగిని పిలుస్తారు. కంప్యూటర్ విషయంలోనూ అదే వివేకం వహించాలి. మొదట ఒక్క అడుగు వెనక్కి, చాలకపోతే మైలురాయి దాకా, అన్నీ విఫలమైనప్పుడే పునాదుల నుంచి నిర్మాణం. ఈ క్రమం తెలిసినవాడు మరమ్మతుదారు మాటను గౌరవిస్తాడు. అతడు ఫార్మాట్ అనగానే తల ఊపక, "ఒక్క నిమిషం ఆగు అన్నా, నిన్న ఏం మారిందో చూద్దాం" అనగలుగుతాడు.

కఠిన పదాలకు అర్థాలు

ద్విభాషి : రెండు భాషలు తెలిసి ఒకరి మాటను మరొకరికి తెలియజేసేవాడు, దుబాసీ
మొరాయించు : మొండికెత్తు, కదలకుండా నిలిచిపోవు
కుంఫిణీ : ఈస్టిండియా కంపెనీకి వాడుకలోని పేరు
వాహనచోదకుడు : బండిని నడిపేవాడు
గ్రంథస్థం చేయు : పుస్తకంగా రాయు
పథ్యం : రోగికి తగిన ఆహారం
నవీకరణ : కొత్త రూపం కల్పించడం
దస్తావేజు : రాతపూర్వకమైన పత్రం
బందు : తలుపును ద్వారబంధానికి కలిపే ఇనుప అమరిక
ముందుచూపు : జరగబోయేదాన్ని ముందే ఆలోచించడం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. డ్రైవర్‌ను ద్విభాషితో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. పునరుద్ధరణ పద్ధతి వల్ల కలిగే ప్రయోజనాలను, దానికి గల హద్దులను పాఠం ఆధారంగా చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. డ్రైవర్‌లోని తప్పు యంత్రం మొత్తాన్ని ఎందుకు నిలిపివేస్తుంది?
2. సేఫ్ మోడ్ ఉపయోగం ఏమిటి?
3. విద్యార్థిని ఆదాయ ధ్రువపత్రం ఎందుకు తిరిగి రాలేదు?
4. 2024 జూలై 19 నాటి సంఘటన నుంచి మీరు గ్రహించినదేమిటి?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఏనుగుల వీరాస్వామయ్య ఏ ఉద్యోగం చేశారు?
2. రోల్‌బ్యాక్ డ్రైవర్ సౌకర్యం ఏ విండోస్‌తో మొదలయింది?
3. డిజిటల్ సంతకం వల్ల ఏమి తెలుస్తుంది?
4. యంత్రం చెడినప్పుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఏది?

IV. సంధులు
విద్యార్థి : విద్యా + అర్థి - సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం : అతి + అవసరం - యణాదేశ సంధి
పునరుద్ధరణ : పునః + ఉద్ధరణ - విసర్గ సంధి
ఏమేమి : ఏమి + ఏమి - ఆమ్రేడిత సంధి

V. సమాసాలు
యంత్రభాగాలు : యంత్రం యొక్క భాగాలు - షష్ఠీ తత్పురుష సమాసం
పూర్వస్థితి : పూర్వమైన స్థితి - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నీలితెర : నీలి అయిన తెర - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
మూడు రోజులు : మూడు సంఖ్య గల రోజులు - ద్విగు సమాసం